వార్ధక్య కణాలకు నీలి రంగు పరీక్ష

విభజన శాశ్వతంగా ఆగిపోయినా చావకుండా మిగిలే కణాలను వార్ధక్య కణాలంటారు. మనిషి ఫైబ్రోబ్లాస్టులు (సంధాన కణజాల కణాలు) ప్రయోగశాలలో కొన్ని పదుల విభజనల తరవాత ఈ స్థితికి చేరతాయని 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపించారు. వాటిని రంగుతో పట్టుకునే పద్ధతిని 1995లో జూడిత్ కాంపీసీ బృందం ప్రకటించింది. ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నది అదే.

బీటా-గాలక్టోసిడేజ్ అనే ఎంజైము దాదాపు ప్రతి కణంలోనూ, లైసోజోముల్లో ఉంటుంది. పీహెచ్ 4 దగ్గర బాగా పనిచేస్తుంది. ముదిరిన కణంలో లైసోజోములు విపరీతంగా పెరిగి ఎంజైము పోగుపడుతుంది కాబట్టి, దానికి అంతగా పొసగని పీహెచ్ 6.0 వద్ద కూడా ఎక్స్-గాల్ అనే పదార్థాన్ని విడగొట్టి నీలి రంగు ఇస్తుంది. పరీక్ష బలమంతా ఈ 6.0 అంకెలోనే ఉంది. రంగు ద్రావణం ఆమ్లత కాస్త పెరిగినా పడుచు కణాలూ నీలమెక్కుతాయి. పీహెచ్‌ను కాగితంతో కాక మీటరుతోనే చూడాలి. కణాలున్న పళ్లేన్ని కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్లో పెట్టకూడదు, ఆ వాయువు కరిగి పీహెచ్‌ను దించేస్తుంది. మామూలు గాలి ఉండే 37 డిగ్రీల ఇంక్యుబేటరు కావాలి. ద్రావణం ఆవిరైపోకుండా పళ్లేనికి గట్టిగా మూత వేయాలి.

రంగు వేయడానికి ముందు కణాలను 2 శాతం ఫార్మాల్డిహైడ్, 0.2 శాతం గ్లూటరాల్డిహైడ్ కలిపిన ద్రావణంలో 3 నుంచి 5 నిమిషాలు ఉంచితే చాలు. అంతకు మించితే ఎంజైమే చచ్చిపోతుంది. ఎక్స్-గాల్‌ను మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున, అప్పటికప్పుడు కలుపుకోవాలి. నీలం కొన్ని గంటల్లో మొదలై 12 నుంచి 16 గంటలకు నిండుగా కనిపిస్తుంది.

కణజాలంతో పని ఇంకా సున్నితం. పారఫిన్‌లో పోతపోసిన ముక్కలు ఇందుకు పనికిరావు, వేడీ సాల్వెంట్లూ ఎంజైమును నాశనం చేస్తాయి. తాజా ముక్కను వెంటనే గడ్డకట్టించి, క్రయోస్టాట్‌తో కోసి, ఆలస్యం చేయకుండా రంగు వేయాలి. ఆసుపత్రుల్లో దాచిన పాత పారఫిన్ దిమ్మెలే దిక్కైతే సుడాన్ బ్లాక్-బి అనే రంగు మేలు. అది లైపోఫస్సిన్ అనే వ్యర్థ వర్ణకాన్ని నల్లటి రేణువులుగా చూపుతుంది. ఆ వర్ణకం తనంతట తానే మెరుస్తుంది కనుక, ఫ్లోరసెంట్ రంగులు వాడేవారు రంగు వేయని ముక్కను పక్కన పెట్టి చూసుకోవాలి.

కిక్కిరిసి పెరిగిన కణాలు, సీరం అందని కణాలు, మాక్రోఫేజులు, ఎముకను అరగదీసే ఆస్టియోక్లాస్టులు ముదిమితో నిమిత్తం లేకుండా నీలమెక్కవచ్చు. అందుచేత అదే రోజు, అదే ద్రావణంతో పడుచు కణాలకూ రంగు వేయడం తప్పనిసరి. విభజనను ఆపే పి16, పి21 ప్రోటీన్ల పెరుగుదలను, విభజనకు గుర్తయిన కెఐ-67 లేకపోవడాన్ని కూడా చూడాలి. ఎంజైముకు మూలమైన జీఎల్‌బీ1 జన్యువు పనిచేయని కణాలు నీలమెక్కకుండానే ముదిమికి చేరతాయని 2006లో తేలింది. నీలం ఒక్కదాన్నే చూసి కణం ముదిరిందని తీర్పు చెప్పడం సరికాదు.