చూచే తెర, ఆడే తెర

రేడియోలో పనిచేసే మాకు తెరతో సంబంధం తక్కువ. మా వ్యవహారమంతా చెవితోనే. అయినప్పటికీ నిజామాబాదు పట్టణంలోను, బోధన్ పరిసరాలలోను చదువుకొనే యువజనులు వేసే ఒక ప్రశ్నను గురించి ఇక్కడ ముచ్చటించదలచినాము. కంప్యూటరు మీద ఆటలు ఆడుకొనడానికి తక్కువ డబ్బులో ఎటువంటి మానిటరు కొనవలె? ఇది బజారు ప్రశ్నగా కనిపించవచ్చును గాని, దీని సమాధానం చరిత్రలో ఉన్నదని మా అభిప్రాయం.

ఇంత చిన్న విషయానికి ఇంత చర్చ ఎందుకని పెద్దలు అనవచ్చును. ఈ ప్రాంతంలో డబ్బు సంగతి చిన్న విషయం కాదు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తి అయిన తరువాత ఆ నీటితో చెరకు పెరిగినది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఆసియా ఖండంలో పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరు గడించిన ఆ సంస్థ 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. కార్మికుల జీతాలు ఆగిపోయినవి. చెరకు రైతులు దూరపు మిల్లులను వెదకుకొనవలసి వచ్చినది. అనేకులు వరికి మళ్ళినారు. అటువంటి ఇంటిలో కుమారుడో, కుమార్తెయో పదివేల రూపాయలు అడిగినప్పుడు ఆ సొమ్ము దేనికి పోతున్నదో అడిగేవారికీ ఇచ్చేవారికీ కూడ తెలియవలె.

ఇక తెర సంగతి. ఇది తెలుగువారికి కొత్త వస్తువు కాదు. తోలుబొమ్మలాటలో మేక తోలును, జింక తోలును పలుచన చేసి, రంగులద్ది, తెల్లని గుడ్డకు ఆనించి ఆడిస్తారు. దీపం వెనుక ఉంటుంది. కాంతి ఆ రంగుల గుండా వచ్చి మన కంటిని చేరుతుంది. ఇప్పటి పలుచని మానిటరు చేసే పని దాదాపు ఇదే. వెనుక దీపం, మధ్య ద్రవస్ఫటికాల పొర, ముందు రంగుల జల్లెడ. కాని ఈ పద్ధతికి తిరిగి రావడానికి ముందు ప్రపంచం మరొక దారిలో చాలాకాలం నడిచినది. 1897లో జర్మనీ దేశస్థుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ల ధారను తెర మీద కొట్టించి వెలుగు పుట్టించినాడు. ఆ గొట్టమే తరువాత టెలివిజన్ పెట్టెకు ప్రాణమైనది.

ఆ గొట్టం మీద ఆట ఎప్పుడు మొదలైనదో చూడండి. 1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలకు సందర్శకులు వచ్చినప్పుడు, విలియం హిగిన్‌బాథం అనే భౌతికశాస్త్రజ్ఞుడు వారి వినోదానికని టెన్నిస్ ఆటను అమర్చినాడు. తెర అయిదు అంగుళాల ఆసిలోస్కోపు. దాని మీద ఒక గీత నేల, మధ్య ఒక చిన్న గీత వల, ఎగిరే ఒక చుక్క బంతి. రంగు లేదు, బొమ్మ లేదు. అయినా జనం బారులు తీరి నిలుచున్నారు. కారణం ఒక్కటే: మీట నొక్కిన మరుక్షణం చుక్క మారు పలికినది. ఆ రోజులలో ఇండ్లలోని టెలివిజన్ తెరలు దానికంటె ఎన్నో రెట్లు పెద్దవి. కాని అవి చూపగలవే గాని మాట వినలేవు.

ఇక్కడే రెండు తెరల జాతి వేరైనదని మేము భావిస్తాము. మనకు మొదట పరిచయమైనది చూచే తెర. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ చూపినప్పుడు ఆంధ్రప్రదేశ్ కూడ వాటిలో ఒకటి. సెట్లు తయారుచేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చినది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి రంగులు వచ్చినవి. ఇరుగుపొరుగులంతా ఒక గదిలో కూర్చుండి చూచే వస్తువు గనుక దానిని అంగుళాలతో కొలవడం న్యాయమే. వెనుక కూర్చున్న వారికి కూడ కనిపించవలె గదా. ఆ కొలతే మన ఇండ్లలో అలవాటైపోయినది. నేటికిని దుకాణానికి పోయినవాడు మొట్టమొదట అడిగేది, “ఎన్ని అంగుళాలు?” అనే.

గొట్టపు తెరలు పోయి పలుచని తెరలు వచ్చినప్పుడు లోకమంతా వాటి నాజూకును మెచ్చుకొన్నది. ఆటగాళ్ళు మాత్రం పెదవి విరిచినారు. తొలినాటి ద్రవస్ఫటికాలు నిదానంగా తిరిగేవి. పరుగెత్తే బొమ్మ వెనుక తోకవలె మసక మిగిలేది. బరువైన పాత పెట్టెలనే చాలాకాలం దాచుకొన్న ఆటగాళ్ళు ఉన్నారంటే వారిది ఛాందసం కాదు. 2009 ప్రాంతంలో సెకనుకు 120 మారులు చిత్రం మార్చే పలుచని మానిటర్లు వచ్చిన పిమ్మట గాని వారికి కొంత ఊరట కలుగలేదు.

ఈ మారుల లెక్కనే హెర్ట్జ్ అంటారు. ఈ మాట మా రేడియోవారి సొంత సొత్తు. ఒకప్పుడు మేము కిలోసైకిళ్ళు అనేవారము, తరువాత కిలోహెర్ట్జులు అన్నాము. సాధారణమైన 60 హెర్ట్జ్ తెర మీద ఒక చిత్రానికి, మరొక చిత్రానికి నడుమ 16.7 మిల్లీసెకనులు గడుస్తవి. 100 హెర్ట్జ్ తెర మీద 10. 144 మీద 6.9, 240 మీద 4.2. అనగా 60 నుండి 144కు పోయినవానికి దాదాపు పది మిల్లీసెకనులు లాభం. అక్కడ నుండి 240కి పోవడానికి మరల డబ్బు పోసినవానికి మూడు కూడ దక్కవు. కొద్దిపాటి డబ్బు కలవాడు ఎక్కడ ఆగవలెనో ఈ అంకెలే చెప్పుచున్నవి.

బోధన్ రైతులకు దీనిని వేరే విధంగా చెప్పవచ్చును. చెరకును కాంటా మీద తూచి తీసుకొంటారు. కాని కేంద్రం ప్రకటించే ధరకు ఆధారం రికవరీ, అనగా చెరకులో నుండి ఎంత చక్కెర దిగుతుందన్న లెక్క. ఆటకు కొనే మానిటరులో అంగుళాలు కాంటా తూకం వంటివి, హెర్ట్జులు రికవరీ వంటివి.

అయితే గానుగ ఎంత మంచిదైనా చెరకు అందించేవాడు కావలె. కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 50 చిత్రాలే గీయగలిగితే 144 హెర్ట్జ్ తెర ఆ యాభయ్యే చూపుతుంది. చుక్కల సంఖ్య పెరిగిన కొద్దీ కార్డుకు బరువు పెరుగుతుంది. 1920 అడ్డం, 1080 నిలువు గల తెరలో చుక్కలు సుమారు 20.7 లక్షలు, 2560, 1440 గల తెరలో 36.9 లక్షలు. కావున సాధారణమైన కార్డు కలవారు మొదటిదానితో తృప్తి పడడం మేలు. ఆ చుక్కలకు 24 అంగుళాల తెర తగినది. అవే చుక్కలను 27 అంగుళాల మీద పరిస్తే దగ్గర కూర్చున్న కంటికి అక్షరాలు గరుకుగా తోస్తవి. పగలు ఆడి, రాత్రి అదే తెర మీద చదువుకొనే విద్యార్థికి ఇది చిన్న బాధ కాదు.

తెర జాతులు మూడు. టి.ఎన్. వేగం గలది, ప్రక్కనుండి చూస్తే రంగు వెలవెలబోతుంది. వి.ఏ. నలుపును చిక్కగా చూపుతుంది గాని చీకటి దృశ్యాలలో కొంత మసక విడుస్తుంది. 1996లో హిటాచి వారు తెచ్చిన ఐ.పి.ఎస్. రంగులకు పేరుపొందినది, ఒకప్పుడు ఖరీదైనది, ఇప్పుడు చౌకరకాలలోకి దిగివచ్చినది. మా ఓటు దానికే. పెట్టె మీద అచ్చువేసే “ఒక మిల్లీసెకను” అన్న మాటను మాత్రం నమ్మి డబ్బు పెట్టవద్దు. దానిని కొలిచే పద్ధతులు ఒకటి కంటె ఎక్కువ; ఎవరికి అనుకూలమైనది వారు వ్రాసుకొంటారు. కార్డు వేగం హెచ్చుతగ్గులైనప్పుడు తెర కూడ దానితో అడుగు కలిపే ఫ్రీసింక్ ఏర్పాటు ఉన్నదో లేదో అడగండి. 2019 నుండి ఎన్‌విడియా కార్డులు కూడ ఇటువంటి తెరలతో కలిసి పనిచేస్తున్నవి గనుక వేరే ఖరీదైన రకం అవసరం లేదు.

దుకాణంలో మానిటరు మీద జలపాతాల వీడియోలు నడిపి చూపుతారు. అవి సెకనుకు 24, 30 చిత్రాలతో తీసినవి. వాటిలో 60కి, 144కు భేదం బ్రహ్మకు కూడ కనిపించదు. అది చూచే తెరకు పెట్టే పరీక్ష. మౌస్ చేతికి తీసుకొని బాణం గుర్తును వేగంగా గుండ్రంగా త్రిప్పండి, ఒక కిటికీని పట్టుకొని ఇటూ అటూ లాగండి. తరువాత తెరనంతా నలుపు చేయించి, తెలుపు చేయించి, చచ్చిన చుక్కలున్నవేమో చూడండి.

ఇంటికి తెచ్చిన తరువాత పని ఇంకొకటి ఉన్నది. కొత్త మానిటరు ఎన్ని హెర్ట్జులదైనా చాలాసార్లు 60 మీదనే మొదలవుతుంది. విండోసు డిస్‌ప్లే సెట్టింగులలో, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అన్నచోట రిఫ్రెష్ రేటును మనమే మార్చవలె. అక్కడ 144 కనిపించకపోతే పాత హెచ్.డి.ఎం.ఐ. తీగను తీసివేసి, డిస్‌ప్లేపోర్టు తీగతో కలిపి మరల చూడండి.