చిర్రగోనె, ఏడు పెంకులు: మనం రాసుకోని చరిత్ర



బేస్‌బాల్ అమెరికా వాళ్ళ ఆట అని చదువుకుంటాం. కర్రతో కొట్టడం, పట్టడం, పరిగెత్తడం, అంతే కదా. మన చర్ల వైపు గూడేల్లో ఇవి కొత్త పనులేం కాదు. మన దగ్గర అవి రెండు ఆటల్లో ఉన్నాయి. కర్ర చిర్రగోనెలో ఉంది, బంతి ఏడు పెంకుల్లో ఉంది.

చిర్రగోనె తెలియని తమ్ముళ్ళ కోసం చెప్తున్నాం. పొడుగు కర్ర గోనె. రెండు కొసలూ చెక్కిన చిన్న ముక్క చిర్ర. నేలలో చిన్న గుంత తీసి, దానిమీద చిర్రని అడ్డంగా పెట్టి గోనెతో లేపి విసరాలి. అవతలి వాళ్ళు గాల్లోనే పట్టుకుంటే అవుట్. పట్టలేకపోతే, గుంత మీద పెట్టిన గోనెకి చిర్రని విసిరి తగిలించాలి. తగిలినా అవుటే. గురి తప్పిందంటే ఆడేవాడు చిర్ర కొస మీద కొట్టి, అది పైకి లేవగానే గట్టిగా బాదుతాడు. పడ్డ దూరాన్ని అదే గోనెతో కొలుస్తారు.

ఏడు పెంకుల్లో పెంకు ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి బంతితో పడగొడతారు. పడగొట్టిన జట్టు మళ్ళీ పేర్చాలి. ఆ లోపు అవతలి జట్టు వాళ్ళని బంతితో కొట్టి అవుట్ చేస్తుంది. బంతి కొననక్కర్లేదు, పాత గుడ్డలు చుట్టి గట్టిగా కడితే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. న్యూయార్క్‌లో నికర్‌బాకర్ క్లబ్ వాళ్ళు 1845లో బేస్‌బాల్ నియమాలు రాసుకున్నారు. పరిగెత్తేవాడి మీదికి బంతి విసరకూడదు అనేది అందులో ఒకటి. అంటే అంతకుముందు అక్కడి పిల్లలూ మన ఏడు పెంకుల్లాగే బంతితో కొట్టేవాళ్ళన్నమాట! తర్వాత 1907లో ఒక కమిషన్ ఈ ఆటను 1839లో కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే కనిపెట్టాడని తేల్చింది. అది నిజం కాదు. 1744లోనే ఇంగ్లాండ్‌లో అచ్చయిన పిల్లల పుస్తకంలో బేస్‌బాల్ పేరుంది. అబద్ధమైనా కాగితం మీద ఉంది కాబట్టి ఆ కథ ఏళ్ళ తరబడి నిలబడింది. 1939లో అదే ఊళ్ళో ఆ ఆటకి మ్యూజియం కూడా తెరిచారు.

మన ఆటల గురించి అబద్ధం రాసినవాడూ లేడు, నిజం రాసినవాడూ లేడు. పేరు సంగతే చూడండి. కోస్తాలో బిళ్ళంగోడు అంటారు, తెలంగాణలో చిర్రగోనె అంటారు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ తర్వాత ఖమ్మంలో కలిశాయి. 2016 నుంచి చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. జిల్లాలు మారినప్పుడల్లా కాగితాలు మారాయి. ఆటని ఏ కాగితమూ పట్టించుకోలేదు.

రాసుకుంటే ఏమొస్తుంది అని అడగొచ్చు. కబడ్డీని చూడండి. ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరుతో, ఒక్కో పద్ధతిలో ఆడేవాళ్ళు. అందరికీ ఒకే నియమాలు రాసుకున్నాక 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. మన చిర్రగోనె అంత దూరం పోకపోయినా పర్లేదు. ఆశ్రమ పాఠశాల ఆటల పోటీల్లో ఒక వరుస దొరికినా మన పిల్లలు గర్వపడతారు.

అందుకే ఈ సెలవుల్లో ఒక పని చేద్దాం. ఇంట్లో తాతని, అవ్వని కూర్చోబెట్టి అడుగుదాం. చిర్రకి ఏ చెట్టు కర్ర వాడేవాళ్ళు? ఓడినవాడికి ఏం శిక్ష? ఆడపిల్లలు కలిసి ఆడేవాళ్ళా? లెక్క కోయలో పెట్టేవాళ్ళా, తెలుగులోనా? ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. ఆట ఆగిపోతే ఆటలో మాత్రమే వాడే మాటలూ పోతాయి. అవి ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

చెప్పింది చెప్పినట్టే, ఊరి పేరుతో సహా రాసి ఇక్కడ పెట్టండి. ఒక ఊరి నియమం ఇంకో ఊరితో కలవకపోతే కొట్లాడుకోవద్దు, రెండూ ఉంచుదాం. రెండూ మనవే.