గుండెపోటు నిర్ధారణలో రక్తసూచికలు: ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

ఛాతీనొప్పితో అత్యవసర చికిత్సా విభాగానికి వచ్చేవారిలో గుండెపోటుకు గురైనవారు కొందరే. ఇ.సి.జి.లో ఎస్‌.టి. భాగం స్పష్టంగా పైకి లేచి ఉంటే రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెడతారు. ఆ గుర్తు కనిపించనివారి విషయంలోనే చిక్కు. వారిని ఇంటికి పంపితే ప్రాణాపాయం కలగవచ్చు. అందరినీ చేర్చుకుంటే పడకలు చాలవు. ఈ సందేహ నివృత్తికి వైద్యులు రక్తాన్ని ఆశ్రయించిన చరిత్ర సుమారు డెబ్బై ఏళ్లది. ఈ కాలంలో పరీక్షలు వేగవంతం కావడమే కాక, ‘గుండెపోటు’ నిర్వచనం కూడా మారుతూ వచ్చింది.

ఎంజైముల దశ

గుండె కండర కణాలు మరణించినప్పుడు వాటిలోని పదార్థాలు రక్తంలో చేరతాయి. గుండెపోటు తరువాత రక్తంలో ట్రాన్సమినేజ్ అనే ఎంజైము పెరుగుతుందని 1954లో న్యూయార్క్‌లో కార్మెన్, వ్రోబ్లెవ్‌స్కీ, లాడ్యూ నిరూపించారు. అయితే ఆ ఎంజైము కాలేయంలోనూ, ఇతర కండరాలలోనూ ఉంటుంది. తరువాత వచ్చిన క్రియాటిన్ కైనేజ్, దాని ఎం.బి. రూపం ఈ లోపాన్ని తగ్గించాయే గాని పూర్తిగా తొలగించలేదు. ఆనాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలలో లక్షణాలు, ఇ.సి.జి., ఎంజైములు అనే మూడింటిలో ఏ రెండు అనుకూలించినా గుండెపోటుగా పరిగణించేవారు. అప్పటికి రక్తం మూడు సాక్ష్యాలలో ఒకటి మాత్రమే.

ట్రోపోనిన్ దశ

1960లలో జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి కండర సంకోచాన్ని పరిశోధిస్తూ ట్రోపోనిన్‌ను కనుగొన్నాడు. రోగనిర్ధారణ ఆయన ఉద్దేశం కాదు. గుండెలోని ట్రోపోనిన్ ఐ, టి రూపాలు ఇతర కండరాలలోని వాటికి భిన్నమైనవి కావడం వైద్యులకు కలిసివచ్చింది. 1987లో కమిన్స్ బృందం ట్రోపోనిన్ ఐ, 1989లో కటుస్ బృందం ట్రోపోనిన్ టి పరీక్షలను ప్రకటించాయి. 2000లో ఐరోపా, అమెరికా హృద్రోగ వైద్య సంస్థలు ఉమ్మడిగా ట్రోపోనిన్‌కు ప్రథమ స్థానం ఇచ్చాయి. ఆరోగ్యవంతులలో 99 శాతం మంది విలువలు ఏ అంకెకు లోబడి ఉంటాయో అదే హద్దు అయింది. దానితో అంతవరకు అస్థిర యాంజైనాగా లెక్కించిన కొన్ని కేసులు గుండెపోటు కిందకు వచ్చాయి.

హద్దుల ప్రశ్న

2009లో వెలువడిన అధ్యయనాలు అతిసూక్ష్మ ట్రోపోనిన్ పరీక్షల సామర్థ్యాన్ని చాటాయి. 2015 ఐరోపా మార్గదర్శకాలు గంట వ్యవధిలో రెండుసార్లు రక్తం పరీక్షించి నిర్ణయించే పద్ధతిని ఆమోదించాయి. అదే ఏడాది ఎడిన్‌బరో పరిశోధకులు మరో లోపాన్ని బయటపెట్టారు. స్త్రీ పురుషులకు ఒకటే హద్దుగా ఉన్న లీటరుకు 50 నానోగ్రాములకు బదులు, స్త్రీలకు 16, పురుషులకు 34 పాటించినప్పుడు, స్త్రీలలో గుండెపోటు నిర్ధారణ 11 శాతం నుండి 22 శాతానికి పెరిగింది. పురుషులలో 19 నుండి 21కి మాత్రమే. అంటే ఉమ్మడి హద్దు వల్ల నష్టపోయినవారు ప్రధానంగా స్త్రీలే.

మరోవైపు మూత్రపిండాల వ్యాధి, సెప్సిస్ వంటి స్థితులలోనూ ట్రోపోనిన్ పెరుగుతుంది. అందుకే 2018 నాటి నాలుగవ సార్వత్రిక నిర్వచనం ‘గుండె కండర గాయం’, ‘గుండెపోటు’ వేర్వేరని స్పష్టం చేసింది. ట్రోపోనిన్ విలువలో హెచ్చుతగ్గులతోపాటు రక్తప్రసరణ లోపానికి లక్షణాలో, ఇ.సి.జి. మార్పులో, మరో ఆధారమో ఉంటేనే అది గుండెపోటు.

ముగింపు

మూడింటిలో ఒకటిగా మొదలైన రక్తసాక్ష్యం నేడు నిర్ధారణకు ప్రధానాధారమైంది. అయినా అది గుండె కణాలకు గాయమైందని చెప్పగలదే గాని, ఆ గాయానికి కారణం చెప్పలేదు. ఆ కారణాన్ని నిర్ణయించడానికి నేటికీ రోగి చెప్పే లక్షణాలు, ఇ.సి.జి., వైద్యుని పరిశీలన అవసరమే. హద్దుగా నిలిచే అంకెను ఎవరి విలువల ఆధారంగా నిర్ణయించారన్న ప్రశ్న కూడా రోగనిర్ధారణలో భాగమేనని ఈ చరిత్ర తెలుపుతోంది.