జానీ క్యాసెట్టు కోసం

మొన్న ఆఫీసులో లంచ్ టైములో మా టీంలో ఉన్న ఒక బెంగుళూరు కుర్రాడు మాటల మధ్యలో "మీ తెలుగువాళ్ళకి రాక్ కల్చర్ లేదు కదా, అంతా సినిమా పాటలే" అన్నాడు. తప్పేం కాదు, నిజమే చెప్పాడు. కానీ నాకు ఎక్కడో గుచ్చుకుంది. అప్పటికప్పుడు ఏమీ అనలేకపోయాను గానీ (నాకు ఎప్పుడూ అంతే, మంచి సమాధానాలన్నీ ఇంటికొచ్చాక తడతాయి) రాత్రంతా ముదిగొండలో 2003 ఎండాకాలం గుర్తొస్తూనే ఉంది.

ముదిగొండ అంటే ఖమ్మం నుంచి కోదాడ వెళ్ళే దారిలో మా మండల కేంద్రం. బయటివాళ్ళకి ఆ పేరు తెలిసింది 2007 జూలై 28న, భూపోరాటం బందులో పోలీసు కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయినప్పుడు. దాని గురించి రాయాల్సినవాళ్ళు చాలా రాశారు. నేను చెప్పేది దానికి నాలుగేళ్ళ ముందు సంగతి, దాని ముందు పెడితే చాలా చిన్న సంగతి. ఊళ్ళో కుర్రాళ్ళందరం ఒక క్యాసెట్టు కోసం నెలల తరబడి ఎదురుచూసిన సంగతి.

అసలు పాటల కోసం ఇలా ఎదురుచూడటం అనేది మనకి అంత పాతది కాదు. మా నాన్న తరానికి పాట అంటే రేడియో. వివిధభారతి వాళ్ళు ఏది వేస్తే అది వినాలి, మళ్ళీ ఎప్పుడు వేస్తారో తెలీదు. గ్రామఫోను రికార్డులు ఊళ్ళో ఉంటే గింటే మైకు సెట్టు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర ఉండేవి. ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టుని 1963లోనే తెచ్చినా అది మన ఊళ్ళదాకా రావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. 1980లలో గల్ఫు నుంచి వచ్చినవాళ్ళు టూ-ఇన్-వన్‌లు తేవడం, ఇక్కడ కూడా టేపురికార్డర్లు చవకవడం, టి-సిరీస్ లాంటి కంపెనీలు క్యాసెట్ల రేటు దించేయడం, అన్నీ ఒకేసారి జరిగాయి. పాట మొదటిసారి మన చేతిలోకి వచ్చింది. సినిమా కంటే ముందే పాటలు రిలీజ్ చేస్తే నిర్మాతకి ముందే కాస్త డబ్బు, సినిమాకి ప్రచారం. మాకేమో సినిమా వచ్చేలోపు ఊహించుకోవడానికి బోలెడు టైము. గీతాంజలి (1989), జగదేకవీరుడు అతిలోకసుందరి (1990) పాటలు మా అన్నల తరం అలాగే అరగదీసింది. ఆ తర్వాత రోజా, జెంటిల్‌మన్, ప్రేమికుడు... రెహమాన్ నెక్స్ట్ ఏం చేస్తాడు అని ఖమ్మం కాలేజీల్లో వాదించుకోవడం 90లలోనే మొదలైంది.

మా బ్యాచ్ మాత్రం రమణ గోగుల బ్యాచ్.

ఇప్పటి పిల్లలకి ఈ పేరు కొత్తగా ఉండొచ్చు. విశాఖపట్నం మనిషి. సినిమాల్లోకి రాకముందే మిస్టీ రిథమ్స్ అని బ్యాండు పెట్టి, 1996లో 'ఆయే లైలా' అని ఇండిపాప్ ఆల్బమ్ చేశాడు. 1998లో ప్రేమంటే ఇదేరా, 1999లో తమ్ముడు, 2000లో బద్రి, యువరాజు. మనందరికీ దగ్గర చుట్టం అనిపించే విషయం ఏంటంటే ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి కూడా. తర్వాతి రోజుల్లో సైబేస్ కంపెనీలో పెద్ద పదవి చేశాడు. పగలు డేటాబేసు, రాత్రి గిటారు అన్నమాట. మనలో ఎంతమందికి ఆ కల లేదు చెప్పండి :)

తమ్ముడులో హీరో బాక్సింగ్ ట్రైనింగ్ చేసేటప్పుడు 'ట్రావెలింగ్ సోల్జర్' అని పూర్తిగా ఇంగ్లీషు పాట వస్తుంది. ఆ సినిమాలోనే 'లుక్ ఎట్ మై ఫేస్ ఇన్ ద మిర్రర్' అని ఇంకోటి. తెలుగు మీడియం మేము. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా డిస్టార్షన్ గిటారు, ఆ గరగరమనే గొంతు ఊళ్ళో మంగలిషాపు టేపురికార్డర్లోంచి వస్తుంటే ఒళ్ళు జలదరించేది. నా మొదటి రాక్ కచేరీ ఏదంటే నేను ఆ మంగలిషాపు అనే చెప్తాను. పింక్ ఫ్లాయిడ్, మెటాలికా నాకు హైదరాబాదు హాస్టల్‌కి వచ్చాకే తెలిశాయి. తెలిశాక కూడా "ఓహో, ఇది గోగుల లాగ ఉందే" అనుకున్నాను, సిగ్గు లేకుండా.

ఇహ జానీ. పవన్ కళ్యాణ్ సొంత డైరెక్షన్, గీతా ఆర్ట్స్ బ్యానరు, మళ్ళీ గోగుల. 2001లో ఖుషీ అంత పెద్ద హిట్టయ్యాక వస్తున్న సినిమా. ఖుషీకి మ్యూజిక్ మణిశర్మ, అది వేరే సంగతి. అప్పట్లో సమాచారం అంటే సితార, జ్యోతిచిత్ర, లేకపోతే ఖమ్మం నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఐడిల్‌బ్రెయిన్ చూడటం. ఒక్క ఫోటో దొరికితే వారం గడిచిపోయేది. బస్టాండు పక్క టీ హోటల్ దగ్గర మా చర్చలు ఇలా ఉండేవి:

"ఈసారి రెండు ఇంగ్లీషు పాటలంట రా."

"రెండు కాదు బై, మొత్తం క్యాసెట్టే ఇంగ్లీషంట. అమెరికాల రికార్డింగ్ చేసిన్రంట."

"నీకెవడు చెప్పిండు?"

"ఖమ్మంల రికార్డింగ్ షాపు అన్న చెప్పిండు."

షాపు అన్నకి ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు. ఆయన మాత్రం చాలా తెలివిగా "వచ్చే వారం" అనేవాడు, ప్రతి వారం. మేము ప్రతి వారం వెళ్ళేవాళ్ళం, వెళ్ళినవాళ్ళం ఊరికే రాలేక ఏదో ఒకటి తొంభై నిమిషాల క్యాసెట్లో ఎక్కించుకుని వచ్చేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రిలీజ్ డేటు వల్ల బాగుపడింది ఆయనొక్కడే.

ఈ పిచ్చి మనదొక్కటే అనుకోకండి. సరిగ్గా అదే రోజుల్లో అమెరికాలో గన్స్ ఎన్ రోజెస్ అభిమానులు 'చైనీస్ డెమోక్రసీ' కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు. ఆ బ్యాండు సొంత పాటలతో ముందు ఆల్బమ్స్ వచ్చింది 1991లో. ఇదేమో 2008 నవంబరులో వచ్చింది. 2005కే దాని ఖర్చు 13 మిలియన్ డాలర్లు దాటిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. 2008లో గనక వస్తే దేశంలో అందరికీ తలా ఒక కూల్‌డ్రింకు ఉచితం అని డాక్టర్ పెప్పర్ కంపెనీ ప్రకటించింది కూడా, రాదన్న ధైర్యంతో. వచ్చేసింది, పాపం. మన ప్రాజెక్టుల డెడ్‌లైన్లు గుర్తొస్తే నా తప్పు కాదు. కానీ ఒక తేడా ఉంది. ఆ ఆల్బమ్ ఎంత ఆలస్యమైనా, ఎంతమంది తిట్టినా, అది ఆ బ్యాండుది. బాగుంటే వాళ్ళకి, లేకుంటే వాళ్ళకి. ఈ తేడా దగ్గరకి మళ్ళీ వస్తాను.

జానీ క్యాసెట్టు సినిమాకంటే ముందే వచ్చింది. ఇంటికి తెచ్చి టేపురికార్డర్లో పెట్టి వాకిట్లో నలుగురం కూర్చున్నాం. మేం అనుకున్నది రాక్. అందులో పాత సినిమా పాట 'ఈ రేయి తీయనిది' కొత్త వాయిద్యాలతో ఉంది. తెలంగాణ యాసలో 'నరాజ్ గాకుర' ఉంది. పవన్ కళ్యాణ్ తనే పాడిన, సారా తాగొద్దని చెప్పే జానపద పాట ఉంది. తమ్ముడులో కూడా ఆయన జానపద బిట్లు పాడాడు కాబట్టి అంత ఆశ్చర్యపోనక్కర్లేదు, కానీ మేము పోయాం. మా వాడొకడు మొహం మాడ్చుకుని "ఏంది రా ఇది, గిటారేది?" అన్నాడు.

అప్పుడే మా వీధిలో డప్పు కొట్టే మామ అటు పోతూ ఆగాడు. మా దిక్కు ప్రతి ఊళ్ళో ప్రజానాట్యమండలి పాటలుంటాయి. వందేమాతరం శ్రీనివాస్ మా జిల్లా వాడే, 1997లో ఒసేయ్ రాములమ్మ క్యాసెట్టు మా దగ్గర మోగని ఇల్లు లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది, ఆ రోజుల్లో ఇలాంటి పాటలు మీటింగుల్లో పాడని సాయంత్రం లేదు. మామ ఆ సారా పాట మొత్తం నిలబడి విని, "ఇది మన మీటింగుల పాట లెక్కనే ఉన్నది గదరా! దీని కోసమా మీరు ఖమ్మం తిరిగింది?" అని నవ్వాడు. తర్వాత "మళ్ళ పెట్టు" అన్నాడు. రివైండ్ చేసి పెట్టాను. అరుగు మీద వేళ్ళతో దరువేశాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ క్యాసెట్టు అర్థమైంది అప్పుడే. మాకు కొత్తగా ఉంటుందనుకున్నది మా వీధిలోనే ఉంది, మాకు తెలీదు అంతే.

సినిమా ఏప్రిల్లో వచ్చింది. ఏమైందో మీకు తెలుసు. భార్య జబ్బు నయం చేయించడానికి డబ్బు కోసం కుస్తీ పట్టే హీరో కథ, మేం అనుకున్న సినిమా కాదు. రెండు వారాల్లో పోస్టర్లు చిరిగిపోయాయి. వాటితో పాటు పాటలు కూడా ఆగిపోయాయి, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మంగలిషాపు వాడు క్యాసెట్టు మార్చేశాడు. షాపు అన్న డబ్బా అడుగున పడేశాడు. సినిమా బాలేదు కాబట్టి పాటలు బాలేవు! ముందు రోజు వరకు అవే పాటలు నోటికొచ్చినవాళ్ళు కూడా అదే అన్నారు, అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

బెంగుళూరు కుర్రాడికి చెప్పాల్సింది ఇదీ. మనకి రాక్ వినేవాళ్ళు లేక కాదు. ముదిగొండలాంటి ఊళ్ళో అర్థం కాని ఇంగ్లీషు పాటని రెండొందలసార్లు విన్న కుర్రాళ్ళున్నారు. కానీ మేము ఎదురుచూసింది 'గోగుల ఆల్బమ్' అని కాదు, 'జానీ ఆడియో' అని. మన దగ్గర ఆల్బమ్‌కి సొంత ఇల్లు లేదు, సినిమా ఇంట్లో అద్దెకుంటుంది. ఇల్లు కూలితే సామాను కూడా పోయినట్టే. ఇళయరాజా అంతటివాడు 1986లో త్యాగరాజుకి, బాఖ్‌కి అంకితమిస్తూ 'హౌ టు నేమ్ ఇట్' అని సినిమాతో సంబంధం లేని ఆల్బమ్ చేస్తే మా ఖమ్మం షాపులో దాన్ని అడిగినవాడిని నేను చూడలేదు. మిస్టీ రిథమ్స్ బ్యాండుకి రెండో ఆల్బమ్, మూడో ఆల్బమ్ ఉండుంటే ఎలా ఉండేవో అని మాలో ఒక్కడు కూడా ఊహించలేదు. ఊహించే శక్తంతా హీరో మీదే ఖర్చయిపోయింది.

గోగుల ఆ తర్వాత కూడా చేశాడు. 2006లో లక్ష్మి, అన్నవరం, 2007లో యోగి, 2013లో 1000 అబద్ధాలు. తర్వాత ఉద్యోగంలో పడిపోయాడు. మేమూ పడిపోయాం.

2024 డిసెంబరులో ఒక రాత్రి రిలీజ్ కాల్ మధ్యలో మ్యూట్‌లో ఉండి యూట్యూబ్ తెరిస్తే భీమ్స్ సంగీతంలో 'గోదారి గట్టు', మధుప్రియతో కలిసి ఆ గొంతు. అదే గరగర. సంక్రాంతికి వస్తున్నాం సినిమా కోసం. కాల్లో నన్ను రెండుసార్లు పిలిచారట, నాకు వినపడలేదు. వెంటనే మా ఊరి మిత్రుడికి లింకు పంపాను, అప్పట్లో "గిటారేది" అన్నవాడికే. వాడిప్పుడు ఖమ్మంలోనే ఎరువుల షాపు నడుపుతున్నాడు. పదకొండు గంటలకి ఫోను చేశాడు.

"విన్నా రా. మళ్ళ సొంతంగ క్యాసెట్టు చేస్తడంటవా?"

"క్యాసెట్టు ఎక్కడిది రా ఇప్పుడు."

"అదే, ఏదో ఒకటి. చేస్తే ఇంగ్లీషు పాట పెడ్తడా?"

ఒక గంట మాట్లాడుకున్నాం.