ఎండ అచ్చులో మన ఆకుల పేర్లు

మందు పూసిన బట్టమీద ఆకు పరిచి ఎండలో పెడితే, ఆకు కప్పినచోటు తెల్లగా, మిగతాదంతా నీలంగా అచ్చు పడుతుంది. దీన్ని సయనోటైప్ అంటారు. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచు రకాలను ఇలా కాగితంమీద అచ్చువేసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. పేర్లు కూడా చేత్తో రాసి ఈ పద్ధతిలోనే అచ్చువేసింది.

ఆ పేర్ల సంగతే మనకు కావాలి. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మన ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, చదవడం రాయడం తక్కువ. ఆకుల పేర్లయితే నోటినుంచీ జారిపోతున్నాయి. తంగేడు ఆవారం అయింది, జిల్లేడు ఎరుక్కు, ఉత్తరేణి నాయురువి, కానుగ పుంగం. తమిళ పేరు తెలియడం మంచిదే, అవ్వ అన్న పేరు పోవడమే నష్టం.

గంజి లేని నూలుబట్ట కావాలి, పాత పంచె ముక్కయినా చాలు. 100 మి.లీ. నీళ్ళలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, మరో 100 మి.లీ.లో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్ విడివిడిగా కరిగించి, వాడేముందు సమంగా కలిపి బట్టకు పూయాలి. ఎండ తగలని గదిలోనే పూసి, అక్కడే ఆరబెట్టాలి. ఈ పని పెద్దలే చెయ్యాలి: చేతికి తొడుగులు ఉండాలి, వంటపాత్రలు వాడకూడదు, ఆమ్లం, పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు.

ఆకులను ముందురోజే పుస్తకంలో అణచిపెడితే బట్టకు బాగా అంటుకుంటాయి. యాపాకు రంపపు అంచు, మునగ రెమ్మ చక్కగా పడతాయి. జిల్లేడు పాలు మరక చేస్తాయి, అది ఆరాకే పెట్టాలి. పక్కన పేరు రావాలంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుమీద నల్ల మార్కరుతో లావుగా రాసి పరచాలి. అక్షరాలు తిరగబడవు, రాసినట్టే తెల్లగా వస్తాయి. వేపను యాప అనే ఇంట్లో యాప అనే రాయండి. పైన గాజుపలక తప్పనిసరి, ఆడి గాలికి ఏ ఆకూ నిలవదు.

మిట్ట మధ్యాహ్నం 10 నుంచి 20 నిమిషాలు చాలు. బట్ట బూడిదరంగుకు తిరిగాక తీసి, పసుపు పోయేదాకా నీళ్ళలో జాడించాలి. ఒక రోజులో నీలం ముదురుతుంది. నీలం వద్దనుకుంటే టీ డికాక్షన్లో నానబెట్టండి, నలుపుకు తిరుగుతుంది. ఇనుమూ వగరూ కలిసి నలుపివ్వడం శ్రీకాళహస్తి కలంకారీవారికి ఎప్పటినుంచో తెలిసిన పనే, వాళ్ళు కరక్కాయ వాడతారు.

సోడా, బట్టల పొడి తగిలితే నీలం వెలిసిపోతుంది. మెత్తని సబ్బుతో ఉతికి నీడన ఆరేయాలి. ఎండకు కాస్త వెలిసిన అచ్చును కొన్నాళ్ళు చీకటి పెట్టెలో ఉంచితే చాలావరకు తేరుకుంటుంది.