తెలుగు ఫైళ్ల మార్పిడి: ఫ్లాపీల నుంచి యూనికోడ్ దాకా

ఒక కంప్యూటరులో రాసుకున్న పాఠాన్ని వేరే ఆపరేటింగ్ సిస్టమో, వేరే ఫాంటో ఉన్న కంప్యూటరు చదవగలిగేలా మార్చడాన్ని ఫైలు మార్పిడి అంటారు. ఇంటి కంప్యూటర్ల తొలినాళ్లలో ఇది ముఖ్యంగా డిస్కుల సమస్య. తెలుగు డీటీపీ వచ్చాక అక్షరాల సమస్యగా మారింది. మొదటి సమస్య లోకమంతటిదీ, అది ఎప్పుడో తీరిపోయింది. రెండోది మన లిపి స్వభావం వల్ల మరింత చిక్కుపడి, ఇప్పటికీ పూర్తిగా విడలేదు.

1974లో గేరీ కిల్డాల్ రాసిన సీపీఎం పేరుకు ఒకటే ఆపరేటింగ్ సిస్టమ్. కానీ ఐదుంపావు అంగుళాల ఫ్లాపీని ఒక్కో తయారీదారు ఒక్కోలా ఫార్మాట్ చేయడంతో ఒకరి డిస్కు మరొకరికి పనికొచ్చేది కాదు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌ది మళ్లీ వేరే దారి. మన దేశంలో 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద బడులకు వచ్చిన బీబీసీ మైక్రోలూ ఈ గొడవకు మినహాయింపు కాదు. వాటి డిస్కులో ఫైలు పేరు 7 అక్షరాలు దాటకూడదు. సమాచారాన్ని ఏక సాంద్రతలో రాసే ఆ డిస్కులను చాలా పీసీలు చదవలేకపోయేవి. బేసిక్ ప్రోగ్రాము మామూలు అక్షరాల్లో కాక కుదించిన సంకేతాల్లో నిల్వయ్యేది. దాన్ని బయటికి తేవాలంటే ముందు 'స్టార్ స్పూల్' ఆదేశంతో లిస్టింగు మొత్తాన్ని మామూలు పాఠంగా ఒక ఫైలులోకి దింపుకోవాలి.

డిస్కు కుదరనిచోట సీరియల్ కేబులే దిక్కు. రెండు కంప్యూటర్లనూ దానితో కలిపి, 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన కెర్మిట్ ప్రోగ్రాముతో ఫైలు పంపేవారు. ఫైలు చేరినా పని అయిపోయినట్టు కాదు. డాస్ ప్రతి వరుస చివరా రెండు గుర్తులు పెడుతుంది, యూనిక్స్ ఒకటి, పాత మాకింటోష్ ఇంకొకటి. సీపీఎం ఫైలు పొడవును 128 బైట్ల తునకల్లోనే లెక్కపెడుతుంది కాబట్టి, పాఠం ముగిసిన చోట కంట్రోల్-జెడ్ గుర్తు పెట్టాల్సి వచ్చేది. రాతపనికి వాడే వర్డ్‌స్టార్ ప్రోగ్రాము తొలి కూర్పులైతే పదాల చివరి అక్షరాలకు ఎనిమిదో బిట్ ఎక్కించేవి. భారతీయ లిపులకు చోటు దొరికింది సరిగ్గా ఆ ఎనిమిదో బిట్ పరిధిలోనే.

ఐఐటీ కాన్పూరులో రూపుదిద్దుకుని, తర్వాత సీడాక్ సంస్థ ద్వారా వ్యాపించిన జిస్ట్ కార్డు ఈ చోటునే వాడుకుంది. దాన్ని పీసీలో బిగిస్తే డాస్ ప్రోగ్రాముల్లోనే తెలుగు కనిపించేది. దాని వెనుక ఉన్న ఇస్కీ అనే సంకేతాల పద్ధతి 1991లో జాతీయ ప్రమాణమైంది. భారతీయ లిపులన్నిటిలోనూ 'క'కు ఒకే సంకేతం ఇవ్వడం అందులోని గొప్ప ఆలోచన. అచ్చు పరిశ్రమ కూడా అప్పుడే ఆ బాట పట్టి ఉంటే ఈ వ్యాసం సగంలో ముగిసేది.

అమెరికాలోని తెలుగువారిది మరో ఉపాయం. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ప్రభృతుల కృషితో రూపొందిన ఆర్టీఎస్ పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాల్లోనే టైపు చేస్తారు, 'ఎన్' పెద్ద అక్షరమైతే 'ణ', చిన్నదైతే 'న'. అది ఏ కంప్యూటరుకు పంపినా చెడదు. ఆ పద్ధతే 2006లో వీవెన్ తెచ్చిన 'లేఖిని' అనే టైపింగు సాధనంలోనూ కొనసాగింది.

అచ్చు పరిశ్రమ మాత్రం పేజీలు కట్టే పేజ్‌మేకరు ప్రోగ్రామునూ, 'అను', 'శ్రీ' వంటి ఫాంట్లనూ నమ్ముకుంది. వీటిలో సంకేతం అక్షరానికి కాదు, ఆకారపు ముక్కకు. గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. 'వ' ఆకారానికి తోక తగిలిస్తే 'మ' అయ్యే ఫాంట్లూ ఉన్నాయి. ఇలాంటి ఫైలు మాకింటోష్ నుంచి విండోస్‌కు వెళ్తే ఇంకో ప్రమాదం. ఫ్రెంచి 'ఎ' అనుకుని 142 అనే సంకేతాన్ని 233గా మార్చడం ఇంగ్లీషు ప్రపంచంలో సరైన మార్పిడే. కానీ ఆ 142లో ఉన్నది తెలుగు గుణింతపు ముక్క అయితే దాని స్థానంలో మరో ముక్క వచ్చి కూర్చుంటుంది.

అందుకే ఇలాంటి ఫాంటు నుంచి, అక్షరానికే సంకేతమిచ్చే యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాముకు సంకేతాల పట్టిక ఒక్కటే చాలదు. 'స్త్రీ' అనే మాట చూడండి. యూనికోడ్‌లో దానికి 6 సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫాంటు ఫైలులో ఉండేది 'సీ' ఆకారం, తవత్తు, రవత్తు. ప్రోగ్రాము 'సీ'ని విడగొట్టి, గుడిదీర్ఘాన్ని పట్టి ఉంచి, వత్తులు రెండూ సరైన వరుసలో దాటాకే దాన్ని చివర పెట్టాలి. ఆ వరుస తప్పితే 'స్ర్తీ' వస్తుంది. ఇలా మారిన మాట నేటికీ వెబ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. 'స్త్రీ' అని వెతికే పాఠకుడికి ఆ పేజీ దొరకకపోవచ్చు. ఇది చిన్న అచ్చుతప్పులా తోస్తుంది గానీ, పాత సంచికలను భద్రపరిచేవారికి నిజమైన నష్టం.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్‌లో మాత్రం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అప్పటికి దినపత్రికల సైట్లు తమ తమ సొంత ఫాంట్లలో నడుస్తున్నాయి. వెన్న నాగార్జున రాసిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఆ పేజీలను చదువుతుండగానే యూనికోడ్‌లోకి మార్చేది. అచ్చు ఫైళ్లను మార్చే ప్రోగ్రామును 'ఈమాట' పత్రిక తన సైటులో అందరికీ అందుబాటులో ఉంచింది. నిజానికి ఇలాంటి పని చేయాల్సింది ఫాంట్లు అమ్మినవారు. చేసింది మాత్రం ఎక్కువగా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు.

పేజ్‌మేకరు చివరి కూర్పు 7.0 కూడా 2001లోనే వచ్చింది. దానికి యూనికోడ్ తెలియదు. అచ్యుతాపురం నుంచి ఆదిలాబాద్ దాకా డీటీపీ సెంటర్లలో శుభలేఖలూ కరపత్రాలూ ఈ పాత పద్ధతిలో తయారవుతూనే ఉన్నాయి. అందువల్ల మార్పిడి వెనక్కి కూడా నడుస్తోంది. ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి పంపిన మాటర్‌ను ఆపరేటరు మళ్లీ 'అను'లోకి మార్చి పేజీ కడతాడు. 2012 నాటి ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచి యూనికోడ్ తెలుగును నేరుగా పేజీలో పెట్టే వీలుంది కాబట్టి, ఆ సాఫ్ట్‌వేరుకు మారినవారికి ఈ రెండో మార్పిడి అవసరం లేదు.