పాములవాడి నాగస్వరం, ఖరిదా క్యాసియో

ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో మాతా పూజ కానీ, దుర్గాపూజ కానీ, పెళ్ళి ఊరేగింపు కానీ, రాత్రి బాగా పొద్దుపోయాక ఆర్కెస్ట్రా వాళ్ళ చేతికి ఒక వరస వచ్చి తీరుతుంది. తెలుగు పాట తరవాత హిందీ పాట, దాని వెనక బెంగాలీ పాట, ఆ పైన ఏ భాషా అక్కర్లేని నాగిని వరస. క్యాసియో దగ్గర ఉన్న కుర్రాడు పక్కపక్క మెట్ల మీద వేళ్ళు గబగబా ఆడిస్తాడు. కింద జనం చేతులు పడగలా పట్టి ఊగిపోతారు. కీబోర్డు ఏ కంపెనీదైనా ఇక్కడ క్యాసియోయే. పాములవాడు ఊదే నాగస్వరాన్ని ఈ పెట్టె అనుకరిస్తోందని చూసేవాళ్ళంతా అనుకుంటారు. కానీ ఆ వరస మొదటిసారి లోకానికి వినిపించిందే కరెంటు పెట్టెలోంచి.

1954లో వచ్చిన హిందీ సినిమా ‘నాగిన్’కి సంగీతం హేమంత్ కుమార్. అంటే బెంగాలీలు హేమంత ముఖర్జీగా గుండెల్లో పెట్టుకున్న గాయకుడే. అప్పట్లో ఆయనకు సహాయకులుగా ఉన్న కల్యాణ్‌జీ, రవి ఇద్దరూ తరవాత సొంతంగా పేరున్న సంగీత దర్శకులయ్యారు. అందులో ఈ వరస ఉన్న పాటకి పాములవాడి బూర కావాలి. కల్యాణ్‌జీ క్లావియోలిన్ మీద, రవి హార్మోనియం మీద కూర్చుని దాన్ని పుట్టించారు. క్లావియోలిన్‌ను 1947లో ఫ్రాన్సులో కాన్‌స్టాంట్ మార్టిన్ తయారు చేశాడు. లోపల వాక్యూమ్ ట్యూబులు, పైన చిన్న మెట్ల వరస, శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ మోకాలితో నొక్కే మీట. ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది. స్వరాన్ని వణికించడానికి ఒక మీట ఉంది. యూరప్‌లో పియానో కింద బిగించి హోటళ్ళలో వాయించుకునేవాళ్ళు. జీరగా, ముక్కుతో పాడినట్టుండే దాని గొంతు సొరకాయ బూరకి అంత దగ్గరగా ఉంటుందని ఒక గుజరాతీ వాద్యకారుడు, ఒక బెంగాలీ దర్శకుడు కనిపెట్టారు. మన దేశంలో సింథసైజర్ కథ మొదలుపెట్టాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం. ఎందుకంటే, ఆ తరవాత డెబ్బై ఏళ్ళూ మన వాళ్ళు ఏ ఎలక్ట్రానిక్ పెట్టె ముందు కూర్చున్నా అడిగింది ఒకటే ప్రశ్న: ఇది స్వరానికీ స్వరానికీ మధ్య నడవగలదా?

ఆ ప్రశ్న ఇంకా పాతది. అది హార్మోనియంతో వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో చేత్తో తిత్తి ఊదే హార్మోనియం తయారు చేశాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని వాయించుకోవచ్చు, రైలెక్కించి తీసుకుపోవచ్చు. అది పద్య నాటకాల్లోకి వచ్చిపడ్డాక దాన్ని వదిలి తెలుగువాళ్ళు రంగస్థలం ఎక్కలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికోసం శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి ఖరగ్‌పూర్ చేరిన కుటుంబాలు భాషతో బాటు ఆ పద్యాల అలవాటునీ మోసుకొచ్చాయి. కానీ మెట్టు మెట్టుకీ మధ్య హార్మోనియంలో ఏమీ లేదు. తోడిలో గాంధారం ఊగాలి, కల్యాణిలో నిషాదం జారాలి; హార్మోనియం మీద అవి నిటారుగా నిలబడతాయి. టాగోర్‌కి ఆ వాద్యం పడేది కాదు. 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది, 1971 దాకా గాలిలోకి రానివ్వలేదు. హార్మోనిస్టులకి అది అన్యాయమే. పద్యం పట్టి గొంతుని నిలబెట్టిన ఆ మనుషుల విద్య తక్కువది కాదు. అయినా నిషేధం వెనకున్న బాధ నిజమైనదే. ఆ ఊపూ ఆ జారుడూ, అంటే గమకం, లేని స్వరాన్ని మన చెవి సగం స్వరంగానే వింటుంది.

ఇప్పుడు అమెరికా వెళ్ళాలి. 1964లో రాబర్ట్ మూగ్ అనే ఇంజనీరు, హెర్బర్ట్ డ్యూష్ అనే సంగీతజ్ఞుడు కలిసి మాడ్యులర్ సింథసైజర్‌కి రూపం ఇచ్చారు. దాని పని తీరు తెలిస్తే గమకం సంగతి విప్పుకుంటుంది. ఒక పెట్టె నాదాన్ని పుట్టిస్తుంది, అది ఆసిలేటర్. ఒకటి దాని గరుకుదనాన్ని వడగడుతుంది, అది ఫిల్టర్. ఒకటి ఎంత బిగ్గరగా, ఎంతసేపు మోగాలో చూస్తుంది. వీటిని ఒకదానికొకటి కలిపేవి తీగలే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోలా తీగ ఒక గుంటలోంచి పీకి ఇంకో గుంటలో పెడితే శబ్దం స్వభావమే మారిపోతుంది. శ్రుతిని నడిపించేది వోల్టేజి: 1 వోల్టు పెరిగితే ఒక స్థాయి పైకి. అంటే ఒక్కో మెట్టుకి వోల్టులో పన్నెండో వంతు, సుమారు 83 మిల్లీవోల్టులు. ఇక్కడ గమనించాల్సింది ఒకటి. కరెంటుకి మెట్లు లేవు. 83 మిల్లీవోల్టుల మధ్యలో ఎక్కడైనా ఆగగలదు, ఎలాగైనా ఊగగలదు. పన్నెండు ముక్కలుగా కోసింది పైనున్న కీబోర్డే. మూగ్ కూడా కీబోర్డుతో బాటు వేలు రాసి శ్రుతి జార్చే పొడవాటి పట్టీని అమ్మాడు. 1970లో వచ్చిన మినీమూగ్‌కి ఎడమపక్కన శ్రుతిని వంచే చక్రం పెట్టారు. ఆ చక్రం మన వాళ్ళ కోసం పెట్టింది కాదు, కానీ దాన్ని మన వాళ్ళంత అవసరంగా పట్టుకున్నవాళ్ళు తక్కువ.

మూగ్ మాడ్యులర్ ఒకటి మన దేశానికి అనుకున్నదానికంటే ముందే వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో నెలకొల్పాడు. దాని వెనకున్న మనిషి గీతా సారాభాయ్. ఆమె 1946లో న్యూయార్క్‌లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కి భారతీయ సంగీతం నేర్పి, బదులుగా అతని దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. పాశ్చాత్య నవ్య సంగీతం చరిత్ర రాసేవాళ్ళు కేజ్ మీద మన తత్వం ప్రభావం గురించి చాలా రాస్తారు, ఆమెకి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఇది నాకు కష్టంగా ఉంటుంది. ఆ స్టూడియోలో ఆమె, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా 1972 దాకా టేపుల మీద పనిచేశారు. ఆ టేపులు బీరువాల్లో ఉండిపోయాయి. పాల్ పుర్గాస్ అనే బ్రిటిష్ కళాకారుడు వాటిని వెలికితీశాక, 2023లో ఒక సంకలనంగా వచ్చాయి. వింటే కొన్నిచోట్ల తంబురా మోతకీ ఆసిలేటర్ మోతకీ గీత గీయలేం.

అహ్మదాబాద్ ప్రయోగం జనంలోకి రాలేదు. సింథసైజర్‌ని జనంలోకి తెచ్చింది సినిమా. బొంబాయి వాద్యబృందాల్లో మూగ్ పట్టిన తొలివాళ్ళలో కెర్సీ లార్డ్ ఉన్నాడు. అదే బొంబాయి స్టూడియోల్లో గిటార్ వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో ఒక ఎల్పీ చేశాడు. పది రాగాలు, కింద డిస్కో దరువు. మన దేశపు గ్రామఫోన్ కంపెనీ దాన్ని అచ్చు వేసింది. వాడినవి మూడు రోలాండ్ యంత్రాలు: జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 దరువు యంత్రం, టీబీ-303. ఈ మూడోదాన్ని నిజానికి ఒంటరి గిటారిస్టుకి తోడుగా బేస్ వాయించడానికి తయారు చేశారు. ఆ పని అది సరిగ్గా చేయలేదు, కొనేవాళ్ళు లేక 1984లో ఆపేశారు. కానీ దానిలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే మీట ఉంది. చరణ్‌జిత్ భూపాలీనీ, యమన్‌నీ, మాల్‌కౌంస్‌నీ ఆ జారుడు మీద నడిపించాడు. మన మోహన, కల్యాణి, హిందోళాలన్న మాట. ఎల్పీ అమ్ముడుపోలేదు. షికాగోలో అదే 303తో 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ రికార్డు వచ్చి ఒక కొత్త సంగీతం పుట్టింది. 2010లో చరణ్‌జిత్ రికార్డు మళ్ళీ వెలువడగానే ఐదేళ్ళ ముందే ఇది ఎవరు చేశారంటూ విదేశాల్లో గగ్గోలు పుట్టింది. ఎవరు ముందు అన్న వాదన నాకంత ముఖ్యంగా తోచదు. ఆ యంత్రంలో రాగానికి పనికొచ్చే మీట ఏదో ఆయన చెవికి తెలిసింది, అది పెద్ద సంగతి. 2015లో ఆయన పోయారు.

1983లో రెండు మార్పులు జరిగాయి. వేరు వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి వచ్చింది. యమహా డీఎక్స్-7 వచ్చింది. ఈ రెండో దాని పుట్టుక ఎప్పుడు తలుచుకున్నా నాకు సంతోషం వేస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కంప్యూటర్ మీద ఒక స్వరాన్ని వణికిస్తూ, ఆ వణుకు వేగం పెంచుకుంటూ పోయాడు. ఒక హద్దు దాటాక వణుకు వణుకులా వినిపించడం ఆగి కొత్త నాదమే పుట్టింది: గంట లాంటిది, కంచు లాంటిది. కంపితమనే గమకాన్ని అతిగా సాగదీస్తే వచ్చిన వాద్యం అది. మద్రాసు స్టూడియోల్లో ఆ ఎనభైల నుంచి కీబోర్డు వాయించేవాడికి గిరాకీ పెరిగింది. సంగీత దర్శకులు రాజ్-కోటి పాటల్లో ఆ గొంతులు తెలుగువాళ్ళ చెవికి అలవాటయ్యాయి. వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడే తరవాత ఎ.ఆర్. రెహమాన్‌గా ‘రోజా’తో 1992లో బయటికొచ్చాడు. ఇంకోవైపు, 1986లో కృష్ణ సినిమా ‘సింహాసనం’కి జల్పాయ్‌గురిలో పుట్టిన బప్పీ లాహిరి సంగీతం ఇచ్చాడు. బెంగాలీ డిస్కో సింథసైజర్ తెలుగు రాజుల కథలోకి వచ్చింది. ఆ కలయిక ఖరగ్‌పూర్‌లో ఎవరికీ వింతగా తోచి ఉండదు. ఇక్కడ ఒకే వీధిలో రెండూ మోగుతాయి.

అదే కాలంలో ఇంకొకరు వేరే దారిలో నడిచారు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ పట్టుకున్నారు. ఎనిమిది తంతుల చెక్క మాండొలిన్ మీద మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది, గమకం పూర్తయ్యేదాకా బతకదు. ఆయన దాన్ని వదిలి ఐదు తంతుల ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నారు. పికప్, యాంప్లిఫయర్ కలిసి స్వరానికి ఆయుష్షు పోస్తే, ఎడమచెయ్యి దాన్ని లాగి ఊపింది. అది సింథసైజర్ కాదు. కానీ కరెంటుని గమకం కోసం వాడుకోవడంలో తెలుగువాళ్ళు ఇచ్చిన ఉత్తమమైన జవాబు అదేనని నేను నమ్ముతాను.

శ్రుతి పెట్టె సంగతి త్వరగా చెప్పేస్తాను. బెంగుళూరులో ఇంజనీరూ, వేణువు వాయించేవాడూ అయిన జి. రాజ్ నారాయణ్ 1970ల చివర ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెను తెచ్చి, రాడెల్ పేరుతో అమ్మారు. ఎవరూ దాన్ని సింథసైజర్ అనరు, కానీ లోపల ఉన్నది ఆసిలేటర్లే. మన ఇళ్ళలో అత్యంత ఎక్కువసేపు మోగిన సింథసైజర్ అదే కావచ్చు.

మళ్ళీ ఖరిదా ఆర్కెస్ట్రా దగ్గరికి వస్తే, స్టేజీ మీద క్యాసియో తరవాత రెండో వాద్యం ప్యాడ్. 1985లో రోలాండ్ తెచ్చిన తొలి ఆక్టాప్యాడ్‌కి ఎనిమిది రబ్బరు పలకలున్నాయి, సొంత గొంతు లేదు. కర్రతో కొడితే వేరే యంత్రానికి కబురు పంపేది. తరవాతి మోడళ్ళలో తబలా సహా వందల శబ్దాలు లోపలే పెట్టారు. డోలూ, కాంగో, డ్రమ్ములూ లారీలో మోసుకెళ్ళలేని చిన్న ఆర్కెస్ట్రాలకి అది వరమైంది. ఎకో సంగతీ అంతే. గాయకుడి గొంతు వెనక తిరిగి వచ్చే ఆ మారుమోత ఒకప్పుడు గుండ్రంగా తిరిగే టేపు మీద రికార్డయి మళ్ళీ పలికేది. 1974 నాటి రోలాండ్ స్పేస్ ఎకోలో ఉన్నది ఆ టేపే. ఇప్పుడు మిక్సర్‌లో ఒక మీట.

గమకం సంగతికి వస్తే, మిడిలో ఒక లోటు చాలా ఏళ్ళు ఉండిపోయింది. చక్రం తిప్పితే ఆ చానల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగేవి. సా-పా పట్టి ఉంచి గాంధారాన్ని మాత్రమే ఊపడం కుదిరేది కాదు. మద్రాసులో కె. సత్యనారాయణన్ కుడిచేత్తో మెట్లు, ఎడమచేత్తో చక్రం పట్టి కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేసి చూపించారు, కానీ ఆ చేతులు అందరికీ రావు. రెహమాన్ 2009లో ‘ఢిల్లీ-6’లోని ఒక పాటలో లిప్పోల్డ్ హాకెన్ తయారు చేసిన కంటిన్యువమ్ వాడాడు. దానికి మెట్లే లేవు, ఎర్రటి మెత్తని పరుపు మీద వేలు జరిగినంత మేరా శ్రుతి జరుగుతుంది. చివరికి 2018లో మిడి ప్రమాణంలోనే ఎంపీఈ చేరింది. ఒక్కో వేలి స్వరానికి ఒక్కో చానల్ ఇచ్చి, దేని వంపు దానిదే చేసింది. అలాంటి కీబోర్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి, ఖరిదా ఆర్కెస్ట్రాకి అందే ధరలో మాత్రం లేవు. మాడ్యులర్‌ని కంప్యూటర్ మీద నేర్చుకోవడానికైతే వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఉంది. ఇదే ఊళ్ళో 1951 నుంచి ఐఐటీ ఉంది, అంతకంటే ముందు నుంచీ ఇనుముతో ఏదైనా చేయగల రైల్వే వర్క్‌షాపు చేతులున్నాయి. తోడి గాంధారం ఊపగల కీబోర్డు ఒకటి ఇక్కడి కుర్రాళ్ళు ఇక్కడే తయారు చేస్తే కొనడానికి మా మాతా పూజ కమిటీలు ముందుకొస్తాయని నా గట్టి నమ్మకం.